ఉప్పాడలో సముద్రపు కోతకి కారణం వాతావరణ మార్పా, మనం ఆపేసిన ఇసుకా?

సుబ్బంపేట_కుర్రోడు
మాది ఉప్పాడ పక్కన సుబ్బంపేట. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మానాన్న ఊళ్ళోనే ఉంటారు. మొంథా తుఫానుకి బీచ్ రోడ్డు మళ్ళీ దెబ్బతింది కదా, టీవీ వాళ్ళు వచ్చి "వాతావరణ మార్పు ప్రభావం" అని స్క్రోలింగ్ వేసి వెళ్ళిపోయారు. తర్వాత ఊళ్ళో మీటింగ్ పెడితే వచ్చిన ఆఫీసరు కూడా అదే పాట. ప్రపంచం అంతా ఇంతేనండి, సముద్రం పెరుగుతోంది, మన చేతిలో ఏముంది అన్నాడట. మా నాన్న మాత్రం అస్సలు ఒప్పుకోవట్లేదు. ఆయన అడిగేది ఒకటే: సముద్రం పెరిగితే అన్ని చోట్లా పెరగాలి కదా, అటు హోప్ ఐలాండ్ వైపు ఇసుక మేట వేస్తుంటే మా దగ్గరే ఎందుకు కోసుకుపోతోంది? నాకు సమాధానం తెలీలేదు, కాలేజీలో ఎన్విరాన్‌మెంట్ సబ్జెక్టు పరీక్ష ముందు రోజు చదివిన బ్యాచ్ నేను. తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గోల వద్దు ప్లీజ్.

గోదారోళ్ళబ్బాయి
మీ నాన్నగారికి ఇక్కడ అకౌంట్ తెరవండి బ్రో. ఈ ఫోరంలో అంత సూటి ప్రశ్న చూసి చాలా కాలమైంది 😀

ఇసుకతిన్నె
నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న, సమాధానం కొంచెం పొడుగు.

అలలు ఒడ్డుకి నిటారుగా రావు, ఏటవాలుగా తగులుతాయి. అలా తగిలినప్పుడల్లా ఇసుక ఒడ్డు వెంబడే కొంచెం కొంచెం జరుగుతుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల నెలల్లో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది, ఏడాది మొత్తం మీద చూస్తే నికరంగా ఉత్తరానికే పోతుంది. అంటే ఏ ఊరి బీచ్ అయినా దక్షిణం నుంచి వచ్చే ఇసుక మీద బతుకుతుంది. వచ్చేదానికంటే పోయేది ఎక్కువైతే కోత.

ఇప్పుడు ఉప్పాడకి దక్షిణంగా ఏముందో చూడండి. గోదావరి తెచ్చిన ఇసుకతో ఉత్తరం వైపు సాగిన పెద్ద ఇసుక దిబ్బ, అదే హోప్ ఐలాండ్. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా కాపాడేది అదే. కానీ గోదావరి ఇసుకలో చాలా భాగం ఆ దిబ్బ దగ్గరే, దాని వెనక అఖాతంలోనే ఆగిపోతుంది. పైగా దిబ్బ కొస దాటాక అలలు వంగి వచ్చి సరిగ్గా ఉప్పాడ వైపు కూడుకుంటాయి. రేవు కాలువలో పూడిక తీసిన ఇసుక ఎటు పోతోందన్నది ఇంకో లెక్క. అటు మేట, ఇటు కోత, రెండూ ఒకే కథ.

ఇక అసలు గోదావరే తెచ్చేది తగ్గిపోయింది. ధవళేశ్వరం దగ్గర కొలిచిన ఒండ్రు 1970లలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు ఉండేది, 1990లకి 6 కోట్ల టన్నుల లోపుకి వచ్చింది. జాయక్‌వాడి, శ్రీరాంసాగర్, సీలేరు మీద కట్టినవి, ఆ పైన చిన్నాచితకా చెక్‌డ్యామ్‌లు, ఒక్కోటీ కొంత పట్టేస్తుంది. నీళ్ళు వదులుతాం గానీ మట్టి వదలం కదా. డెల్టాలకి ఒండ్రు తిండి.

నిజంకావాలి
అదీ మాట. ఇంతకాలం నేను చెప్తున్నది ఇదే. డ్యాములు కట్టింది మనం, ఇసుక తవ్వింది మనం, తప్పు మాత్రం కార్బన్ మీదకి తోస్తారు. వాతావరణ మార్పు అనేది ఎన్జీవోలకి ఫండ్స్ రావడానికి కనిపెట్టిన పదం.

ఇసుకతిన్నె
నేను అలా అనలేదండీ. నా పోస్టుకి మీ ముగింపు అతికించకండి.

లెక్కల_మాస్టారు
రెండు వైపులా కొంచెం లెక్క వేద్దాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి నాకు వేరే గతి లేదు.

హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో నీటి మట్టం 1993 నుంచి 2017 వరకు ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ఇచ్చిన నివేదికలో ఉంది. అంతకుముందు, 1874 నుంచి 2004 దాకా చూస్తే 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్లే. అంటే వేగం దాదాపు రెట్టింపయింది. కాబట్టి "పెరగట్లేదు" అనేవాళ్ళు అక్కడే ఫెయిల్.

మరి 3 మిల్లీమీటర్లకి ఊరు పోతుందా? ఇసుక తీరం వాలు చాలా తక్కువ కాబట్టి నీరు నిలువుగా ఎంత పెరిగితే ఒడ్డు అడ్డంగా దానికి 50 నుంచి 100 రెట్లు వెనక్కి జరుగుతుందని ఒక ముతక సూత్రం ఉంది. ఆ లెక్కన పదేళ్ళకి 33 మిల్లీమీటర్లు, ఒడ్డు జరిగేది ఒకటిన్నర నుంచి మూడు మీటర్లు. ఉప్పాడలో పోతున్నది ఏడాదికే సగటున మీటరు పైచిలుకు, అంటే పదేళ్ళకి పది మీటర్లు దాటుతుంది. కాబట్టి ఈ లెక్క ప్రకారం అందులో సముద్ర మట్టం వాటా మూడో వంతు లోపే, మిగతాది ఇసుక కరువు, తుఫానులు. సూత్రం ముతకది, దాన్ని విమర్శించేవాళ్ళూ ఉన్నారు, నేను కచ్చితమైన లెక్క అనట్లేదు, ఏది పెద్దది ఏది చిన్నది అని తెలియడానికి మాత్రమే.

అయితే ఇక్కడే ఆగిపోతే నిజంకావాలి గారి బుట్టలో పడతాం. ఇసుక వల్ల జరిగేది ఆ ఊరికి ఆ ఊరికి వేరు. మట్టం పెరగడం మాత్రం అన్ని ఊళ్ళకీ ఒకేసారి, ఆగకుండా, ఏటా కొంచెం వేగం పెంచుకుంటూ. ఇవాళ చిన్న వాటా, మనవల కాలానికి అదే పెద్ద వాటా.

గోదారోళ్ళబ్బాయి
మాస్టారూ, ఒక డౌటు. గ్లాసులో ఐసు ముక్క కరిగితే నీళ్ళు పొర్లవు కదా. మరి ధ్రువాల దగ్గర ఐసు కరిగితే సముద్రం ఎందుకు పెరుగుతుంది? వాట్సాప్‌లో మా మావయ్య ఈ వీడియో పంపి నాలుగు నెలలుగా నా ప్రాణం తీస్తున్నాడు.

లెక్కల_మాస్టారు
మీ మావయ్య చెప్పింది తేలే మంచుకి వర్తిస్తుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు నేల మీద కూర్చుని ఉంది, హిమాలయాల్లోది కూడా. అంటే గ్లాసు బయట ఉన్న ఐసుని తెచ్చి గ్లాసులో వేస్తున్నట్టు.

అయినా అసలు సంగతి అది కూడా కాదు. 1971 తర్వాత పెరిగిన మట్టంలో సగం దాకా మంచు వల్ల కాదు, నీరు వేడెక్కి వ్యాకోచించడం వల్ల. భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతం పైగా సముద్రాలే తాగేస్తున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లాడికి అర్థమవుతుంది, మావయ్యకి ఎందుకు కాదో చూద్దాం.

నిజంకావాలి
మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడు కార్లు లేవు, బొగ్గు లేదు. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. సూర్యుడిలో మార్పులు వస్తే భూమి వేడెక్కుతుంది, చల్లారుతుంది. దీనికి సమాధానం చెప్పండి ముందు.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్నే, వెటకారం కాదు. మంచు యుగాలు భూమి కక్ష్యలో వచ్చే చిన్న తేడాలతో మొదలవుతాయి. చివరి మంచు యుగం నుంచి ఇప్పటి కాలానికి రావడానికి భూమి సగటున ఐదారు డిగ్రీలు వేడెక్కింది, పట్టిన కాలం సుమారు పది వేల ఏళ్ళు. ఇప్పుడు నూట యాభై ఏళ్ళలోనే డిగ్రీ దాటేశాం, ఒక్క 2024నే తీసుకుంటే ఒకటిన్నర దాటింది. మార్పు కొత్తది కాదు, ఈ స్పీడు కొత్తది.

సూర్యుడి సంగతి. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలతో సూర్యుడి శక్తిని కొలుస్తున్నారు, పదకొండేళ్ళ చక్రంలో పైకీ కిందికీ ఊగడమే తప్ప పెరుగుతూ పోలేదు. ఇంకో ఆధారం నాకు బాగా నచ్చేది: సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కిందే ఇరుక్కుంటోందని దానర్థం. దొంగ బయటి నుంచి రాలేదు.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని 1856లో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాలతో చేసి చూపించింది, తర్వాత టిండాల్ అనే శాస్త్రవేత్త, 1896లో అరీనియస్ అనే ఇంకో శాస్త్రవేత్త లెక్క కట్టి మరీ చెప్పాడు. అప్పటికి ఎన్జీవోలు లేవు. పరిశ్రమలకి ముందు గాలిలో పది లక్షల అణువులకి 280 ఉండేది, 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315, ఇప్పుడు 420 దాటింది.

వలరాజు_కాకినాడ
నేను చదువుకున్నోడిని కాదు, మా తమ్ముడి కొడుకు టైపు చేస్తున్నాడు. మాకు బోటు ఉంది, పాతికేళ్ళుగా వేట. మీరు మిల్లీమీటర్లు మాట్లాడుతున్నారు, బాగుంది. మా దగ్గర సంగతి చెప్తాను.

మునుపు ఫైబర్ బోటు లాగి పెట్టడానికి, వల ఆరేసి బాగు చేసుకోవడానికి ఒడ్డు ఉండేది. ఇప్పుడు రాళ్ళు. రాళ్ళ మీదకి బోటు ఎక్కించలేం, కెరటం ఎత్తి కొడితే అడుగు పగులుద్ది. అందుకని దూరంగా కట్టుకుని నడిచి వస్తున్నాం. ఒడ్డు పోవడం అంటే ఇళ్ళు పోవడం ఒకటే అనుకుంటారు బయటోళ్ళు, మాకు పని చేసుకునే చోటు పోయింది ముందు.

అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, అది మా తాతల నాడూ ఉంది. అప్పుడు నీళ్ళు వచ్చి వెళ్ళేవి. ఇప్పుడు వచ్చి గోడ కింద మట్టి పట్టుకుపోతన్నాయి. తుఫాను వెళ్ళాక ఉప్పాడలో జనం దువ్వెనలు, జల్లెళ్ళు పట్టుకుని ఒడ్డున బంగారం వెతుక్కుంటారని పేపర్లో వేస్తారు చూశారా, నివర్ తుఫాను అప్పుడు దేశమంతా చూపించారు. నవ్వుకునే వార్త కాదు బాబూ. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్ళలోవి, గుళ్ళలోవి ముక్కలని మా పెద్దోళ్ళు అంటారు. ఎవరిదో ఇల్లు అది.

చేపల మాటకొస్తే, కవళ్ళు ఒక ఏడాది బోటు నిండా, ఒక ఏడాది డీజిల్ ఖర్చు కూడా రాదు. ఎందుకో మీరే చెప్పాలి.

లెక్కల_మాస్టారు
రాజు గారూ, నూనె కవళ్ళు అసలు కేరళ, కర్ణాటక వైపు చేప. 1980ల ముందు మన తీరంలో పెద్దగా పడేవి కావు, నీరు వేడెక్కే కొద్దీ తూర్పు తీరం మీదుగా పైకి వచ్చాయని కొచ్చిలోని చేపల పరిశోధన సంస్థ వాళ్ళు చెప్తారు. ఏడాదికీ ఏడాదికీ ఆ ఎగుడుదిగుడుకి మాత్రం ఎల్‌నినో, వానలు, మేత, ఎక్కువ పట్టడం, అన్నీ కారణాలే. ఒక్కదాని మీద వేయలేం.

హ్యూస్టన్_వాసు
ఇక్కడో మాట చెప్పాలి. "ఇది వాతావరణ మార్పు వల్లేనా" అని అవును-కాదు ప్రశ్న అడగడమే తప్పు అనిపిస్తుంది నాకు. 2017లో ఇక్కడ హార్వీ తుఫాను వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్ మునిగింది. ఊరు పల్లంలో ఉంది, చెరువుల చోట కాలనీలు కట్టారు, అవన్నీ నిజమే. తర్వాత సైంటిస్టులు లెక్క వేసి చెప్పింది ఏంటంటే ఆ వాన వేడెక్కిన వాతావరణం వల్ల సుమారు 15 శాతం ఎక్కువ కురిసిందని. అంటే తుఫాను ఎలాగూ వచ్చేది. కానీ చివరి ఆ 15 శాతమే చాలా ఇళ్ళలో గడప దాటిన నీరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అదంతా ఎక్కడో ఒక చోట దించాల్సిందే కదా.

గోదారోళ్ళబ్బాయి
హ్యూస్టన్ అన్నయ్యా, బాగా చెప్పావు గానీ ఇంటికి మూడు కార్లు పెట్టుకుని మాకు పాఠం చెప్తుంటే కొంచెం కాలుతుంది 😀

హ్యూస్టన్_వాసు
రెండే బ్రో. కానీ పాయింట్ నిజమే. తలకి ఏడాదికి ఇక్కడ 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్, మనవాళ్ళు 2 టన్నులు. ఇప్పటిదాకా ప్రపంచం వదిలిన మొత్తంలో పావు వంతు వరకు అమెరికా ఒక్కటే. నేను ఇక్కడ ఏసీలో కూర్చుని సుబ్బంపేట వాళ్ళకి సైకిల్ తొక్కమని చెప్పట్లేదు.

నిజంకావాలి
చూశారా, తప్పు వాళ్ళది, శిక్ష మనకి. అందుకే అంటున్నా మన కరెంటు, మన బొగ్గు జోలికి రావద్దని.

ములుగు_చిత్ర
నిజంకావాలి గారూ, నిన్నటిదాకా వాతావరణ మార్పే లేదన్నారు, ఇప్పుడు తప్పు అమెరికాది అంటున్నారు. లేనిదానికి తప్పెవరిది?

మాకు సముద్రం లేదు, అయినా ఈ ముచ్చట మాది కూడా. 2023 జులైలో మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. తెలంగాణలో అంతకుముందు ఎప్పుడూ అంత రికార్డు కాలేదు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడేదాంట్లో నాలుగింట మూడు వంతులు ఒక్క రోజులో అనుకోండి. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరి మీద పడ్డది, మనుషులు పోయారు. నేను ఆశా వర్కర్‌ను. ఆ తర్వాత వారాల తరబడి మందుల కిట్టు పట్టుకుని బురదల తిరిగినం. బావులన్నీ మునిగినయి, బ్లీచింగ్ వెయ్యడమే పెద్ద పని, విరేచనాలు, జ్వరాలు, పాముకాట్లు. టీవీల వరద ఒక్క రోజే కనిపిస్తది.

ఇంకొకటి, 2024 ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో సుడిగాలికి యాభై వేల దాకా చెట్లు కూలినయి. అది కూడా ఇందులోదేనా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
వాన సంగతి ఇందులో నిలబడుతుంది చిత్ర గారూ, కుండపోత వానలు పెరగడం మన దగ్గర రికార్డుల్లోనే కనిపిస్తోంది. తాడ్వాయి సుడిగాలిని మాత్రం నేను ఈ ఖాతాలో వేయను. అంత చిన్న చోట, అంత తక్కువ సేపు జరిగినదానికి ఇదే కారణం అని చెప్పడం కష్టం. మనం అన్నీ దీంట్లోకే తోస్తే, రేపు ఒకటి తప్పని తేలినప్పుడు మిగతా తొమ్మిదీ ఎవరూ నమ్మరు.

ములుగు_చిత్ర
సరే. కానీ ఎండల గురించి ఎవరూ రాయరేంది? 2015 మే నెల యాదికి లేదా? ఆంధ్రలనే వెయ్యి మందికి పైగా పోయిండ్రు, తెలంగాణలో వందల మంది. ఎక్కువ మంది కూలీలు, ముసలోళ్ళు. వడదెబ్బ అని రాయడానికి డాక్టర్లు వెనకాడతరు, గుండెపోటు అని రాస్తరు.

వలరాజు_కాకినాడ
మా వైపు 38 డిగ్రీలే ఉంటది, మీ రామగుండంలో 45 అంటారు. కానీ ఇక్కడ చెమట ఆరదు అమ్మా. చొక్కా పిండితే నీళ్ళు. రాత్రి కూడా ఫ్యాన్ గాలి వేడిగా ఉంటది.

లెక్కల_మాస్టారు
అదే అసలు ప్రమాదం. ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ నిండిపోతే ఆరదు. అందుకే తీరంలో 38 కొన్నిసార్లు లోపలి 44 కంటే మనిషికి భారం. రాత్రి చల్లబడకపోతే ఒంటికి కోలుకునే టైమ్ కూడా దొరకదు.

నిర్వాహకుడు
టాపిక్ ఉప్పాడ. ఎండలకి వేరే థ్రెడ్ తెరవండి, లింక్ ఇక్కడ పెట్టండి. గోదారోళ్ళబ్బాయి, మీరు పెట్టిన రెండు మీమ్‌లు తీసేశాను, ఎందుకో మీకు తెలుసు.

సుబ్బంపేట_కుర్రోడు
అందరికీ థాంక్స్, మొత్తం చదివి నాన్నకి ఫోన్‌లో వినిపించాను. ఇసుకతిన్నె గారు రాసింది రెండు సార్లు చదివించుకున్నాడు. ఆయన అడగమన్న ప్రశ్న: మరి రాళ్ళ గోడ పూర్తిగా వేస్తే ఆగుతుందా? నాకేమో మడ చెట్లు నాటితే మేలనిపిస్తోంది, కోరింగలో ఉన్నట్టు.

ఇసుకతిన్నె
మడ అడవి ఉప్పాడలో రాదు బాబూ. దానికి బురద కావాలి, అలల తాకిడి తక్కువ ఉండాలి. కోరింగలో ఉందంటే ముందు హోప్ ఐలాండ్ అడ్డు ఉంది కాబట్టి. 1996 నవంబరు తుఫానులో ఆ అడవి వెనకున్న ఊళ్ళకి ఎంత అడ్డం పడిందో చూసినవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు. కానీ తెరిచి ఉన్న ఇసుక ఒడ్డున మొక్క నాటితే మొదటి పోటుకే పోతుంది. ఫోటో దిగడానికి నాటేవాళ్ళు నాటుతారు.

రాళ్ళ గోడ. ఆపుతుంది, రోడ్డుని. బీచ్‌ని ఆపదు. అల ఇసుక ఒడ్డు మీద పరుచుకుంటూ నీరసపడుతుంది, రాయికి తగిలితే వెనక్కి కొట్టి గోడ పాదం దగ్గర ఇసుక తవ్వేస్తుంది. కొన్నాళ్ళకి ముందు బీచ్ పోతుంది, తర్వాత రాళ్ళు కుంగుతాయి, మళ్ళీ పైన రాళ్ళు పోస్తారు. గోడ ఎక్కడ ఆగిందో ఆ పక్క ఊరికి కోత మొదలు. ఇక వేసే పద్ధతి: పెద్ద రాళ్ళ కింద చిన్న రాళ్ళు, దాని కింద ఫిల్టర్ గుడ్డ, ఇలా వరస ఉంటుంది. గుడ్డ లేకుండా లారీల్లోంచి బండలు దొర్లిస్తే రాళ్ళ సందుల్లోంచి వెనక మట్టి కారిపోతుంది. నేను సర్వీసులో ఉండగా ఒక చోట, ఊరి పేరు చెప్పను, బిల్లులో గుడ్డ ఉంది, ఒడ్డున లేదు. రాసి పైకి పంపాను. ఆ ఏడాదే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, కాకతాళీయం అనుకోండి.

2010 ప్రాంతంలో మీ దగ్గరే జియో ట్యూబులు వేశారు గుర్తుందా, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టం సంచులు. ఆలోచన మంచిదే. కానీ తుఫానులకి, ఎండకి, బోట్ల లంగర్లకి చిరిగాయి, చిరిగినవాటిని కుట్టే మెయింటెనెన్స్ లేదు.

నిజంగా పని చేసేది ఇసుక తిరిగి ఇవ్వడం. విశాఖలో హార్బర్ అడ్డం వల్ల ఆర్కే బీచ్‌కి ఇసుక రాదని దక్షిణాన పోగుపడినదాన్ని డ్రెడ్జర్‌తో తోడి ఇటు పోసే ఏర్పాటు ఎన్నో ఏళ్ళుగా ఉంది. పుదుచ్చేరిలో 1980ల చివర రేవు కట్టాక ఊరి బీచ్ మొత్తం రాళ్ళయింది, ఈమధ్య చెన్నై సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు నీటి లోపల అడ్డుకట్ట వేసి ఇసుక పోస్తే కొంత బీచ్ తిరిగి వచ్చింది. చెన్నైలోనే చూడండి, హార్బర్ గోడలకి దక్షిణాన మెరీనా అంత వెడల్పు, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది. పాఠం నూట యాభై ఏళ్ళ పాతది. మనం ప్రతి రేవుకీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాం.

నిజంకావాలి
ఇసుక పోస్తే పరిష్కారం అయితే ఇక కార్బన్ గోల దేనికి? నిజంగానే అడుగుతున్నా.

ఇసుకతిన్నె
ఎందుకంటే పోసే ఇసుక లెక్క మట్టం మీద ఆధారపడుతుంది. బంగాళాఖాతంలో మొత్తం తుఫానుల సంఖ్య పెద్దగా పెరగలేదు, కానీ రుతుపవనాల తర్వాతి నెలల్లో అతి తీవ్రమైనవి పెరిగాయి. నేను డిజైన్ చేసిన కాలంలో యాభై ఏళ్ళకోసారి వస్తుందనుకున్న అలకి గోడ ఎత్తు కట్టాం. అదే అల ఇప్పుడు తరచుగా వస్తే నా డిజైన్ చెత్తబుట్టకే. ఇసుక సంగతి కాకినాడలో తేలుతుంది, మట్టం సంగతి కాకినాడలో తేలదు. రెండూ కావాలి.

ములుగు_చిత్ర
మన కరెంటులో ఇప్పటికీ దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే. మా పక్కనే భూపాలపల్లి గనులు, మా అన్న అందులోనే పని. రేపే మూసేయమంటే ఆయన ఇంట్ల పొయ్యి వెలగదు. కానీ ఎప్పటికీ ఉంటదని కూడా చెప్పకూడదు పిల్లలకు.

స్వాతి_లాయర్
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను, ఒక విషయం ఎవరూ ఎత్తకపోతే రాయాల్సి వస్తోంది. కారణం ఏంటి అనేది సుబ్బంపేటలో సైన్సు ప్రశ్న కాదు, డబ్బు ప్రశ్న.

విపత్తు సాయం ఇవ్వడానికి 2021-26 కాలానికి కేంద్రం ప్రకటించిన జాబితాలో 12 విపత్తులు ఉన్నాయి: తుఫాను, వరద, సునామీ, కరవు, భూకంపం, వడగళ్ళు, కొండచరియలు వగైరా. అందులో తీరం కోత లేదు. వడగాలులూ లేవు. కాబట్టి తుఫాను రోజున ఇల్లు పడితే నష్టపరిహారం లెక్కలోకి వస్తుంది. అదే ఇల్లు మామూలు అమావాస్య పోటుకి పడితే చాలాసార్లు ఏ పద్దులోనూ పట్టదు. "వాతావరణ మార్పు" అని ఆఫీసరు నోటితో అన్నంత మాత్రాన ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే ఆ పేరుతో పద్దే లేదు. ఊరికే అనడం వాళ్ళకి సుఖం, అంతే.

దారులు లేకపోలేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తుల కింద వాడుకోవచ్చు, దాని కోసం ముందే ప్రకటించాలి. తెలంగాణ వడదెబ్బని అలాగే చేర్చింది. ఇక 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మొదటిసారి కోతని విడిగా గుర్తించి, అరికట్టే పనులకి 1,500 కోట్లు, కోతకి ఇళ్ళు పోయినవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫారసు చేసింది. దేశం మొత్తానికి సరిపోయే డబ్బా అంటే కాదు. తీర పరిశోధన కేంద్రం 1990-2018 లెక్కల్లో దేశ తీరంలో మూడో వంతు కోతలోనే ఉంది, మన ఆంధ్ర తీరంలో 28 శాతం పైన.

గోదారోళ్ళబ్బాయి
అంటే ఇల్లు పడేటప్పుడు కూడా ముహూర్తం చూసుకుని తుఫాను రోజే పడాలన్నమాట. ఈసారి జోక్ కాదు.

సుబ్బంపేట_కుర్రోడు
ఇది మాకు ఎవరూ చెప్పలేదు మేడమ్. మీటింగ్‌లో అడిగితే "పైకి రాశాం" అన్నారు, ఏ పద్దు కింద రాశారో చెప్పలేదు.

నిజంకావాలి
స్వాతి గారూ, ఈ ఒక్క పోస్టుకి లైక్ కొట్టాను. మిగతా విషయాల్లో నా అభిప్రాయం అలాగే ఉంది.

వలరాజు_కాకినాడ
అమ్మా, మా చెల్లెలి ఇల్లు పడింది అమావాస్య నాడు. గాలి లేదు, వాన లేదు. పట్టా ఉంది, పట్టాలో ఉన్న స్థలం ఇప్పుడు నీళ్ళలో ఉంది. కాగితం పట్టుకెళ్తే స్థలం చూపించమంటున్నారు. అర్జీలో కారణం దగ్గర ఏం రాయమంటావు? తుఫాను అని రాసేయమని కొందరు చెప్తున్నారు.

స్వాతి_లాయర్
తుఫాను అని రాయకండి రాజు గారూ. ఆ తేదీకి తుఫాను హెచ్చరిక లేదని వాతావరణ శాఖ బులెటిన్ చూసి నిమిషంలో కొట్టేస్తారు, తర్వాత నిజం చెప్పినా నమ్మరు. "సముద్రపు కోత వల్ల" అనే రాయండి. తేదీ, తిథి, ఇంటి నంబరు, పట్టా నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు. పాత సర్వే పటంలో ఆ నంబరు ఎక్కడుందో సర్వేయరు గుర్తించి రాసివ్వాలని విడిగా ఇంకో అర్జీ పెట్టండి, స్థలం చూపించాల్సింది మీరు కాదు. రెండింటికీ నకలు మీద స్టాంపు వేయించుకోండి. కోత పునరావాసం కింద మీ ఊరి పేరు ప్రతిపాదనలో ఉందా లేదా అని సమాచార హక్కు కింద కలెక్టరేట్‌కి ఒకటి, విపత్తు నిర్వహణ సంస్థకి ఒకటి. నమూనా రేపు ఇక్కడే పెడతాను, కుర్రోడు ప్రింట్ తీసి ఊళ్ళో పంచండి.

ఇసుకతిన్నె
పాత సర్వే పటం చదవడం కష్టమైతే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం కాకినాడలోనే ఉంటాను, వచ్చి చూస్తాను.